దస్తావేజులోని ఆ షరతు: శ్వేతజాతీయులు తీసుకోవలసిన బాధ్యత ఏమిటి?

ప్రశ్న: నీలిగోరింట

అందరికీ నమస్కారం. మేము అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్‌లో ఒక పాత ఇల్లు కొని ఏడాది దాటింది. మొన్న కాగితాలు సర్దుతుండగా ఈ స్థలం తొలి దస్తావేజు నకలు చేతికి వచ్చింది. టైపు చేసిన ఆ కాగితంలో, వీధికి ఎన్ని అడుగులు వదిలి గోడ కట్టాలి, పెరట్లో ఏ పశువులను పెంచకూడదు అనే షరతుల మధ్య, అదే మామూలు ధోరణిలో ఇంకొక షరతు ఉంది. కాకేసియన్ జాతివారు, అంటే శ్వేతజాతీయులు, తప్ప మరెవరూ ఈ స్థలాన్ని కొనరాదు, ఇందులో నివసించరాదు. యజమాని దగ్గర పనిచేసే ఇంటి పనివారికి మాత్రం మినహాయింపు. నేను ఏ వంటగదిలో నిలబడి ఆ కాగితం చదివానో, దాని ప్రకారం ఆ గదిలోకి నేను పనిమనిషిగా తప్ప రాకూడదు.

మా పక్కింటావిడ శ్వేతజాతీయురాలు, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. నేను చూపించాక ఆవిడ తన ఇంటి పత్రాలు కూడా వెతికించుకున్నారు. వాటిలోనూ అదే షరతు ఉంది. 2020 మే నెలలో మా నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు చేతిలో హత్యకు గురైన తర్వాత ఆవిడా, మరి కొందరు శ్వేతజాతీయులూ కలిసి జాతివివక్ష గురించి చదువుకొని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నన్ను పిలిస్తే రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఒకాయన, మా తాత పోలండ్ నుంచి ఒక్క సంచితో వచ్చాడు, ఎవరినీ బానిసగా పెట్టుకోలేదు, నేనెందుకు జవాబు చెప్పాలి అని అడిగారు. రెండోసారి ఒకావిడ సిగ్గుతో ఏడ్చారు, మిగిలిన సమయమంతా ఆవిడను ఓదార్చడంతోనే గడిచిపోయింది. వారి మంచితనం మీద నాకు అనుమానం లేదు. అయితే బాధ్యత తీసుకోవడం అంటే ఇదేనా? నేను అక్కడికి వెళ్లడం వల్ల ఎవరికి ఏమి ఒరుగుతుంది?

సమాధానం: పాతదస్త్రం

పోలండ్ తాతగారి మనవడి ప్రశ్నను తేలికగా తీసివేయకండి. చాలామంది నిజాయితీపరులు ఆగిపోయేది అక్కడే. ఆయనకు బానిసత్వం గురించి చెప్పవలసిన అవసరం లేదు, ఇంటి గురించి చెబితే చాలు. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ గృహరుణాలకు ప్రభుత్వ పూచీ ఇవ్వడం మొదలుపెట్టింది. నల్లజాతివారు ఉండే పేటలకు ఆ పూచీ నిరాకరించింది, పైగా మీరు చూసిన షరతులాంటివి దస్తావేజుల్లో ఉండడం మంచిదని తన నియమావళిలోనే సిఫారసు చేసింది. అందువల్ల ఒక్క సంచితో దిగిన తాతకు తక్కువ వడ్డీకి ఇల్లు దొరికింది. అదే ఊళ్లో రెండు తరాలుగా పనిచేస్తున్న నల్లజాతి కార్మికుడికి దొరకలేదు. ఆ ఇల్లు ధర పెరిగింది, దాని మీద అప్పు తెచ్చి పిల్లలను కాలేజీలో చదివించారు, చివరికి అది మనవడి చేతికి వచ్చింది. అమెరికా కేంద్ర బ్యాంకు 2022లో చేసిన సర్వే ప్రకారం ఆస్తి వరుసలో సరిగ్గా మధ్యన నిలిచే శ్వేతజాతి కుటుంబానికి ఉన్న నికర ఆస్తి 2,85,000 డాలర్లు, అలాగే మధ్యన నిలిచే నల్లజాతి కుటుంబానికి 44,900 డాలర్లు. తాత తప్పు చేశాడని ఎవరూ అనడం లేదు. ఆయనకు తెరిచిన తలుపు పక్కవాడికి మూసి ఉందని మనవడు ఒప్పుకోవాలని మాత్రమే అడుగుతున్నారు.

ఇక మీ దస్తావేజు సంగతి. 1948లో సుప్రీంకోర్టు షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో ఇటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని తీర్పు చెప్పింది. మిన్నెసోటా 1953లో వాటిని కొత్తగా రాయడాన్ని నిషేధించింది. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఇల్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో వివక్షనే చట్టవిరుద్ధం చేసింది. 2019 నుంచి మీ రాష్ట్రంలో యజమానులు ఆ షరతును రద్దు చేసుకున్నట్లు రిజిస్టరు చేయించుకోవచ్చు. పాత వాక్యం చరిత్రగా రికార్డులో ఉంటుంది, దాని పక్కన మీ రద్దు పత్రం చేరుతుంది.

సమాధానం: తూర్పువాకిలి

రద్దు పత్రం రాయించుకోవడం మంచిదే, కానీ దానివల్ల శ్వేతజాతి యజమాని ఏమీ కోల్పోడు, నల్లజాతి కుటుంబానికి ఏమీ చేరదు. అందుకే నాకు అసలు పరీక్ష వేరే చోట కనబడుతుంది.

1954లో కెంటకీ రాష్ట్రంలోని లూయిస్‌విల్ దగ్గర ఆండ్రూ వేడ్ అనే నల్లజాతి యువకుడికి శ్వేతజాతి శివారు పేటలో ఎవరూ ఇల్లు అమ్మలేదు. అప్పుడు ఆన్ బ్రేడెన్, కార్ల్ బ్రేడెన్ అనే శ్వేతజాతి దంపతులు తమ పేరుతో ఒక ఇల్లు కొని వేడ్ కుటుంబానికి బదిలీ చేశారు. వేడ్ కుటుంబం అడుగుపెట్టిన వెంటనే కిటికీల మీద కాల్పులు జరిగాయి, నల్లజాతివారిని బెదిరించే గుర్తుగా పొరుగు స్థలంలో సిలువ తగలబెట్టారు, కొన్ని వారాలకు డైనమైటుతో ఇంటిని పేల్చారు. పేల్చినవారికి శిక్ష పడలేదు. రాజద్రోహం నేరం మోపి కార్ల్ బ్రేడెన్‌కు 15 ఏళ్ల శిక్ష వేశారు. అది తర్వాత కొట్టివేయబడింది గానీ ఆయన కొన్ని నెలలు జైలులో ఉండవలసి వచ్చింది, ఉద్యోగం పోయింది. నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి కథ. అలబామాలో, జాతుల వేర్పాటును ప్రశ్నించని ఇంట్లో పెరిగిన ఆన్ బ్రేడెన్, 2006లో మరణించే దాకా దక్షిణాది శ్వేతజాతీయుల మధ్యనే తిరిగి ఈ పోరాటం మీది కూడా అని చెబుతూ వచ్చారు. 1966 నాటికి నల్లజాతి విద్యార్థి ఉద్యమమైన ఎస్‌ఎన్‌సీసీ సైతం తన శ్వేతజాతి కార్యకర్తలను కోరింది అదే: మా పేటలకు కాదు, వివక్ష పుట్టే మీ పేటలకు వెళ్లి పనిచేయండి. ఆ మాట కొందరు కార్యకర్తలను నొప్పించింది. నాకు మాత్రం అది న్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే భోజనాల బల్ల దగ్గర మామగారు అన్న మాటను ఖండించగలిగేది ఆ బల్ల దగ్గర కూర్చున్నవారే.

కాబట్టి మీ బృందానికి ఒక ప్రశ్న వేయండి. 2018లో మినియాపోలిస్ నగరపాలక సంస్థ ఒక స్థలంలో ఒకే కుటుంబం ఉండాలన్న జోనింగ్ నిబంధనను తొలగించి మూడు ఇళ్ల దాకా అనుమతించే ప్రణాళికను ఆమోదించింది. దస్తావేజులు గీసిన హద్దులనే ఆ నిబంధన నిలబెట్టిందన్నది ఆ మార్పుకు ముఖ్యమైన వాదన. తమ వీధిలో అటువంటి ఇల్లు కట్టబోతున్నారని తెలిసినప్పుడు, పార్కింగు ఇబ్బంది అనీ, వీధి అందం పోతుందనీ అభ్యంతరం రాసేవారిలో వీరు ఉంటారా, లేక ఆ సభకు వెళ్లి పొరుగువారి ఎదుట కట్టనివ్వండి అని నిలబడతారా?

సమాధానం: నల్లరేగడి

పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. వెస్ట్ వర్జీనియాలో గనులు మూతపడి వీధిన పడిన శ్వేతజాతి కుటుంబానికి మీరు అదృష్టవంతులు అని చెబితే ఎవరు వింటారు? బాధ్యత అనే మాట చదువుకున్న నగరవాసులు ఒకరినొకరు మెచ్చుకునే భాషగా మారితే ఆ పేదవాడు దూరమవుతాడు.

సమాధానం: తూర్పువాకిలి

నల్లరేగడి గారూ, అది నిజమైన ఇబ్బందే. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ తలపెట్టిన పేదల ఉద్యమంలో, వెస్ట్ వర్జీనియా ఉన్న అపలాచియా కొండ ప్రాంతపు శ్వేతజాతి పేదలు కూడా వాషింగ్టన్‌కు వచ్చారు. వారిని తీసుకొచ్చింది సిగ్గు కాదు, ఆకలి, కూలి, వైద్యం. వారితో మాట మొదలుపెట్టవలసింది అక్కడి నుంచే. నేను అడుగుతున్నది మాత్రం ఇల్లూ ఆస్తీ ఉండి, సభకు వెళ్లే తీరిక ఉన్న నీలిగోరింట గారి పొరుగువారిని.

సమాధానం: పాతదస్త్రం

ఇంకొక మాట. ఈ చర్చలో భారతీయులమైన మనం ప్రేక్షకులం కాదు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, తాను ఉన్నతకుల ఆర్యుణ్ణి గనుక శ్వేతజాతీయుణ్ణేనని వాదించి పౌరసత్వం కోరాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గోడను పడగొట్టమనకుండా గోడకు అవతలి పక్కన తనకు చోటివ్వమని అడిగిన వాదన అది. 1965 నాటి వలస చట్టం మనకు తలుపు తెరిచింది, ఆ చట్టానికి దారి వేసింది నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం. మంచి బడులున్న పేట అని మనం ఇల్లు కొన్నప్పుడు ఆ పేట అలా ఎలా అయిందో కూడా తెలుసుకోవాలి.

నీలిగోరింట

అందరికీ కృతజ్ఞతలు. పాతదస్త్రం గారి చివరి మాట చదివి చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే ఈ ఇల్లు మేము బడిని చూసే కొన్నాము. నిన్న సాయంత్రం పక్కింటావిడతో మాట్లాడాను. నా అనుభవాలు చెప్పడానికి ఇక రాలేనని, ఏదైనా పని ఉంటే తప్పక వస్తానని చెప్పాను. ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు, తర్వాత కాసేపటికి లోపలికి వెళ్లి, మా వీధి చివర ఖాళీ స్థలంలో మూడు కుటుంబాల ఇల్లు కట్టడం గురించి వచ్చిన నోటీసు తెచ్చి చూపించారు. దానికి వ్యతిరేకంగా తిరుగుతున్న అర్జీ మీద నెల క్రితం తాను సంతకం చేశానని తానే చెప్పారు. ఆ సంతకాన్ని వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాయడానికి ఆదివారం ఇద్దరం కూర్చుంటున్నాము. రద్దు పత్రాలు కూడా అదే రోజు నింపుతాము. పోలండ్ తాతగారి మనవణ్ణి పిలిచే పని ఆవిడ తన మీద వేసుకున్నారు.