హార్త్‌స్టోన్: కొత్త కార్డు పనికొస్తుందో లేదో ఏ విన్‌రేట్ చూసి చెప్పాలి?

డస్ట్_ఖాళీ:
హార్త్‌స్టోన్ (ఆన్‌లైన్ కార్డ్ గేమ్) కొత్త సెట్, అంటే కొత్త కార్డుల విడత, వచ్చి నాలుగు రోజులైంది. ప్యాక్‌లో వచ్చిన 7 మానా (కార్డు వేయడానికయ్యే ఖర్చు) లెజెండరీని (అన్నిటికన్నా అరుదైన రకం) డెక్‌లో పెట్టి 20 గేములు ఆడితే 13 గెలిచాను. స్టాట్స్ సైట్‌లో చూస్తే దాని ప్లేడ్ విన్‌రేట్ (ఆ కార్డు వేసిన గేముల్లో గెలుపు శాతం) డెక్ విన్‌రేట్ కంటే బాగా పైన ఉంది, మల్లిగన్ విన్‌రేట్ (మొదటి చేతిలో ఉన్న గేముల్లో గెలుపు శాతం) మాత్రం డెక్ మొత్తంలో అట్టడుగున. ఏది నమ్మాలి? దీని చుట్టూ డెక్ కట్టాలంటే ఇంకో లెజెండరీ క్రాఫ్ట్ చేయాలి. చేతిలో ఉన్నది 1600 డస్టే (కార్డులు క్రాఫ్ట్ చేసుకునే కరెన్సీ).

మల్లిగన్_మామ:
ముందు ఆ 20కి 13 సంగతి మర్చిపోండి. 65% అని కనిపిస్తుంది గానీ అంత తక్కువ గేములకి అటూ ఇటూ 21 పాయింట్లు ఊగుతుంది. అసలు విన్‌రేట్ 44 అయినా కావచ్చు, 86 అయినా కావచ్చు. పైగా అది డెక్ గెలిచిన లెక్క. డెక్‌లో ఒక్కటే కాపీ. ముందు ఆడేవాళ్ళు 7వ టర్న్‌కి చూసేది 3+7, అంటే 30లో 10 కార్డులు. మల్లిగన్‌లో (మొదట్లో నచ్చని కార్డులు మార్చుకునే చోట) తిప్పితే ఇంకొంచెం పెరుగుతుంది, అంతే. మూడు గేములకోసారి టైముకి వస్తుందనుకుంటే మీ 20లో ఆరో ఏడో. మిగతావాటిలో ఎక్కువ భాగం అది డెక్ అడుగున పడుకునే ఉంది. వాటి పుణ్యం కూడా దానికే రాసేస్తున్నారు.

ఇక ప్లేడ్ విన్‌రేట్. సినిమా క్లైమాక్స్ దాకా కూర్చున్నవాళ్ళనే అడిగి రేటింగ్ వేసినట్టుంటుంది అది. ఇంటర్వెల్‌లో లేచిపోయినవాళ్ళ మాట లెక్కలోకి రాదు. 7 మానా కార్డు వేశారంటే అప్పటికి బతికే ఉన్నారు, బోర్డు కూడా ఎంతో కొంత చేతిలో ఉంది. అది చేతిలో ఉండగానే 5వ టర్న్‌లో పోయిన గేములు అక్కడ కనపడవు. ఫినిషర్లన్నీ (చివర్లో గేమ్ ముగించే ఖరీదైన కార్డులు) ఆ కాలమ్‌లో హీరోలే.

డ్రాన్ విన్‌రేట్ (గేమ్‌లో ఎప్పుడైనా కార్డు చేతికొచ్చిన గేముల గెలుపు శాతం) కొంత నయం. కానీ అగ్రో డెక్ (త్వరగా కొట్టి గెలవాలని చూసేది) గేమ్ లాగిన కొద్దీ ఓడుతుంది, ఎక్కువ కార్డులు తీసేది కూడా ఆ లాగిన గేముల్లోనే. అందుకే అగ్రోలో దాదాపు అన్ని కార్డుల డ్రాన్ డెక్ విన్‌రేట్ కంటే కిందే ఉంటుంది. కంట్రోల్‌లో (గేమ్ లాగి చివర్లో గెలిచే డెక్) తిరగబడుతుంది. కాబట్టి డెక్ సగటుతో పోల్చకండి, అదే డెక్‌లో అదే మానాకి ఉన్న ఇంకో కార్డుతో పోల్చండి. మల్లిగన్‌కీ ఇదే రూలు. 7 మానా కార్డు మొదటి చేతిలో ఉంటే ఆరు టర్న్‌లు ఒక కార్డు తక్కువతో ఆడినట్టే, అడుగున ఉండక ఎక్కడుంటుంది?

పాత_పైరేట్:
మామ చెప్పింది సరే గానీ, మల్లిగన్ నంబరే తప్పుదారి పట్టించే కార్డులూ ఉన్నాయి. ప్యాచెస్ ద పైరేట్ గుర్తుందా? 2016 డిసెంబర్ సెట్‌లోది, 1 మానా 1/1 (ఎటాక్/ప్రాణం) ఛార్జ్, అంటే వచ్చిన టర్న్‌లోనే కొట్టగలదు. ఏదైనా పైరేట్ వేయగానే డెక్‌లోంచి ఊడిపడుతుంది. డెక్‌లో ఉంటేనే దాని పని, చేతికొచ్చిందా ఉత్త 1/1. చేతికొచ్చిన గేముల లెక్క మాత్రమే చూస్తే డెక్‌లో అన్నిటికన్నా చెత్త కార్డు అదే అనుకుంటారు, తీస్తే డెక్కే కూలిపోయేది.

దీనికి సరిగ్గా ఎదురు కారిడార్ క్రీపర్, 2017 డిసెంబర్. 7 మానా 5/5, చేతిలో ఉండగా ఏ మినియన్ (బోర్డు మీద పోరాడే కార్డు) చచ్చినా ఒక మానా తగ్గేది. కాయితం మీద చూసి చాలామంది తీసిపారేశారు. మొదటి చేతిలో ఉంటే 5వ టర్న్‌కల్లా ఉచితం, 8వ టర్న్‌లో డెక్ పైనుంచి లాగితే బరువు. రెండింటినీ 2018 ఫిబ్రవరి ప్యాచ్‌లోనే నెర్ఫ్ చేశారు (బలం తగ్గించారు): ప్యాచెస్‌కి ఛార్జ్ తీసేశారు, క్రీపర్ ఎటాక్ 5 నుంచి 2కి దించారు.

అందుకే నంబర్ తెరిచే ముందు కార్డు టెక్స్ట్ చదువు తమ్ముడూ. ఎక్కడ ఉంటే పనిచేస్తుంది: చేతిలోనా, డెక్‌లోనా, బోర్డు మీదా? నువ్వు చెప్పిన లెజెండరీ వేసినప్పుడే పనిచేసే రకమైతే, మల్లిగన్ కింద ఉండటం నేరం కాదు.

డస్ట్_ఖాళీ:
అర్థమైంది. మరి ఆ కార్డు ఉన్న లిస్టు, లేని లిస్టు చెరో 100 గేములు ఆడి చూస్తే?

మల్లిగన్_మామ:
తేలదు. 100 గేములకి కూడా ±10 పాయింట్లు. ఒక్క కార్డు మార్చితే వచ్చే తేడా ఒకటి రెండు పాయింట్లు ఉంటే గొప్ప. 2 పాయింట్ల తేడా నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో లిస్టుకి 10 వేల గేములకి దగ్గర కావాలి. అది సైట్ డేటాతో అయ్యే పని, అదీ మీ ర్యాంకు ఫిల్టర్ పెట్టి, మొదటి మూడు నాలుగు రోజులు వదిలేసి. ఆ రోజుల్లో అందరూ పచ్చి డెక్‌లతో ప్రయోగాలే, అగ్రో ఊరికే గెలిచేస్తుంది.

మీ గేముల్ని విన్‌రేట్‌కి కాకుండా ఇలా వాడుకోండి. కార్డు చేతికొచ్చిన గేములే షీట్‌లో రాయండి: ఏ టర్న్‌లో వచ్చింది, ఏ టర్న్‌లో వేశారు, వేయలేక ఎన్ని టర్న్‌లు ఉంది. నాలుగో కాలమ్ ముఖ్యం: దీని కోసం తీసేసిన పాత కార్డు అప్పుడు చేతిలో ఉంటే బాగుండేదా? అవును, కాదు, తేడా లేదు. గేమ్ అయ్యాక కాదు, ఆ టర్న్‌లోనే రాయాలి. గెలిచాక రాస్తే ప్రతిదీ మంచి కార్డే. ఇలా 30 వరసలు నిండితే చేతిలో ఇరుక్కుపోయే కార్డేదో ఇట్టే కనపడుతుంది.

పాత_పైరేట్:
డస్ట్ సంగతి. మొదటి బ్యాలెన్స్ ప్యాచ్ దాకా ఆగు. నెర్ఫ్ అయిన కార్డుకి కొన్నాళ్ళపాటు పూర్తి 1600 తిరిగిస్తారు నిజమే, కానీ ఆ ఒక్క కార్డుకే. ప్యాక్‌లో వచ్చిన కార్డుని నెర్ఫ్ చేసి, నువ్వు క్రాఫ్ట్ చేసిన దాన్ని ముట్టుకోకపోతే డెక్ పోతుంది, క్రాఫ్ట్ చేసింది విరగ్గొడితే వచ్చేది 400 డస్టే. ఈ సెట్ ప్యాక్‌లు ఇంకా పది తెరవకపోతే, లెజెండరీ కూడా రాకపోతే ముందు అవి తెరువు. మొదటి పదిలో ఒక లెజెండరీ ఖాయం. నీకు ఆల్రెడీ వచ్చేసింది కాబట్టి ఆ లెక్క అయిపోయింది, ఇక నలభై ప్యాక్‌ల లోపు ఎప్పుడో. కానీ ఉన్న లెజెండరీ మళ్ళీ రాదు, సెట్‌లో అన్నీ వచ్చేదాకా.