వ్యాపారపు జీమెయిల్, ఫేస్‌బుక్ పేజీలకు సెక్యూరిటీ కీ కొనడం అవసరమా?

ప్రశ్న: గద్వాల నుంచి, చీరల వ్యాపారి

అందరికీ నమస్కారం. మేము గద్వాలలో నేత కుటుంబాల దగ్గర పట్టంచు చీరలు తీసుకుని, ఫేస్‌బుక్ పేజీ ద్వారా, యూట్యూబ్ ఛానల్ ద్వారా బయటి ఊళ్లకు అమ్ముతుంటాము. పెళ్లిళ్ల కాలంలో మాకు వచ్చే ఆర్డర్లలో ఎక్కువ భాగం ఈ రెండు చోట్ల నుంచే వస్తాయి. రెండింటికీ ఇచ్చిన ఈమెయిల్ ఒక్కటే. దాని పాస్‌వర్డు నాకూ, మా తమ్ముడికీ, చీరల ఫొటోలు పెట్టే మా అమ్మాయికీ తెలుసు.

ఈ మధ్య మాకు తెలిసిన ఒక దుకాణం వారి పేజీ పరుల చేతుల్లోకి వెళ్లిపోయింది. "మీ పేజీ మీద కాపీరైటు ఫిర్యాదు వచ్చింది, వెంటనే వివరణ ఇవ్వకపోతే తొలగిస్తాము" అని వచ్చిన సందేశంలోని లింకు తెరిచి, అక్కడ కనిపించిన పేజీలో పాస్‌వర్డునూ, ఆ వెంటనే ఫోనుకు వచ్చిన ఓటీపీనీ కొట్టారట. ఓటీపీ ఉండి కూడా ఖాతా ఎలా పోయిందో వారికి ఇప్పటికీ అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు. పెన్‌డ్రైవ్‌లా కంప్యూటరుకు పెట్టే యూఎస్‌బీ సెక్యూరిటీ కీ ఉంటే ఇలాంటివి జరగవని ఒకరు చెప్పారు. అది ఓటీపీ చేయలేని పనిని ఎలా చేస్తుంది? అది పోతే మా ఖాతా కూడా పోయినట్టేనా? జీఎస్టీ పనికి మా దగ్గర ఇప్పటికే ఒక డిజిటల్ కీ ఉంది కాబట్టి దాన్నే వాడుకోవచ్చా? బ్యాంకు ఖాతాకు, ఫోన్‌పేకు కూడా ఇది రక్షణ ఇస్తుందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: మహబూబ్‌నగర్ నుంచి, కళాశాల కంప్యూటర్ విభాగంలో పని చేసేవారు

ముందు ఆ దుకాణం వారి విషయం చూద్దాం. ఓటీపీ అంటే కొన్ని అంకెలు మాత్రమే, వాటిని ఏ పేజీలో కొడుతున్నామో ఆ అంకెలకు తెలియదు. వారు నకిలీ పేజీలో కొట్టిన పాస్‌వర్డునూ, ఓటీపీనీ అవతలివాడు ఆ క్షణంలోనే అసలు పేజీలో కొట్టి లోపలికి వెళ్లి ఉంటాడు. ఎస్సెమ్మెస్‌కు బదులు ఆథెంటికేటర్ యాప్‌లో ముప్పై సెకన్లకోసారి మారే అంకెలకు కూడా ఇదే బలహీనత ఉంది.

సెక్యూరిటీ కీ పని తీరు దీనికి పూర్తిగా భిన్నం. ఒక వెబ్‌సైటులో కీని నమోదు చేసినప్పుడు, ఆ వెబ్‌సైటు కోసమే ప్రత్యేకంగా ఒక జత సంకేతాలు కీ లోపల తయారవుతాయి. వాటిలో రహస్యమైనది కీలోనే ఉండిపోతుంది, దాన్ని బయటికి తీసే మార్గం పెట్టరు. రెండోది వెబ్‌సైటు దగ్గరికి వెళ్తుంది. తరువాత మీరు లాగిన్ అయ్యే ప్రతిసారీ వెబ్‌సైటు ఒక కొత్త ప్రశ్న పంపుతుంది, బ్రౌజరు ఆ ప్రశ్నకు తాను నిజంగా ఏ చిరునామాలో ఉన్నదో కూడా జతచేసి కీకి అందిస్తుంది, కీ ఆ రెండింటి మీదా కలిపి సంతకం చేస్తుంది. నకిలీ పేజీ చిరునామా వేరు కాబట్టి, దానికి పనికొచ్చే సంతకం పుట్టనే పుట్టదు. చిరునామాలో ఒక అక్షరం తేడాను మన కన్ను దాటేయవచ్చు గాని బ్రౌజరు దాటేయదు. నా దృష్టిలో ఈ పరికరం విలువంతా ఇందులోనే ఉంది.

వాడేటప్పుడు పెద్ద హంగామా ఏమీ ఉండదు. పాస్‌వర్డు కొట్టిన తరువాత తెర మీద "మీ సెక్యూరిటీ కీని పెట్టండి" అని వస్తుంది. గోరంత వెడల్పున్న ఆ పరికరాన్ని యూఎస్‌బీలో పెట్టగానే దాని మీది చిన్న దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. దాని మీద ఉండే లోహపు బిళ్లను వేలితో తాకితే లాగిన్ పూర్తవుతుంది. మామూలు కీలు వేలిముద్రను చదవవు, కంప్యూటరు ముందు ఒక మనిషి ఉన్నాడని తేల్చుకోవడానికే ఆ తాకుడు. ఎన్‌ఎఫ్‌సీ (తీగ లేకుండా ఆనిస్తే పని చేసే సౌకర్యం) ఉన్న రకమైతే ఫోను వెనుక ఆనించినా పని చేస్తుంది.

ఇది కాగితం మీది సిద్ధాంతం కాదు. 2022 జూలైలో అమెరికాలోని క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఉద్యోగులకు నకిలీ లాగిన్ పేజీ లింకులతో ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి. ముగ్గురు ఉద్యోగులు అక్కడ తమ పాస్‌వర్డులను కొట్టేశారు కూడా. అయినా ఆ సంస్థలో అందరికీ సెక్యూరిటీ కీలు తప్పనిసరి కావడంతో దొంగలు లోపలికి రాలేకపోయారు. అదే కాలంలో అలాంటి దాడికే గురైన ట్విలియో సంస్థలోకి మాత్రం వారు చొరబడ్డారు. గూగుల్ కూడా 2017 ఆరంభంలో తన ఉద్యోగులందరికీ కీలు తప్పనిసరి చేసిన తరువాత, 85 వేల మందికి పైగా ఉన్న సిబ్బందిలో ఒక్కరి ఉద్యోగ ఖాతా కూడా ఇలాంటి మోసంలో పోలేదని 2018లో ప్రకటించింది.

కీ పోతే ఖాతా పోతుందా అన్నారు. ఒక్కటే కొంటే ఆ భయం నిజమే, అందుకే ఎప్పుడూ రెండు కొనాలి. ఐఫోన్లలో యాపిల్ ఖాతాకు ఈ సౌకర్యం 2023 జనవరిలో వచ్చినప్పుడు, కనీసం రెండు కీలు నమోదు చేస్తేనే అనుమతించేలా పెట్టారు. మీరు కూడా ఒకటి రోజూ వాడుకుని, రెండోది దుకాణంలో కాకుండా ఇంట్లో బీరువాలో ఉంచండి. కీ దగ్గర లేనప్పుడు లాగిన్ అవడానికి గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి దాంతోపాటే పెట్టండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పని చేస్తుంది.

బ్యాంకు, ఫోన్‌పే సంగతికి వస్తే, వాటికి ఈ కీతో సంబంధం లేదు. యూపీఐ మీ సిమ్‌కు, ఫోనుకు, యూపీఐ పిన్‌కు ముడిపడి నడుస్తుంది. అక్కడ జాగ్రత్తలు వేరు.

జవాబు: నల్లగొండ నుంచి, పన్ను సలహాదారు

మీ మూడో ప్రశ్నకు మాత్రమే జవాబు ఇస్తున్నాను, ఎందుకంటే మా కార్యాలయానికి వచ్చేవారిలో చాలామంది ఇదే అడుగుతుంటారు. జీఎస్టీకి, ఈ-టెండర్లకు, పంచాయతీ చెల్లింపులకు వాడే డిజిటల్ కీని జీమెయిల్‌కు వాడలేరు. చూడటానికి రెండూ యూఎస్‌బీ పరికరాలే అయినా పనులు వేరు. డిజిటల్ కీలో ఉండేది మీ పేరు మీద జారీ అయిన డిజిటల్ సంతకపు ధ్రువపత్రం. దాన్ని 2000 నాటి ఐటీ చట్టం కింద లైసెన్సు పొందిన సంస్థలు మీ గుర్తింపు పత్రాలు చూసి ఇస్తాయి. దాంతో చేసిన సంతకానికి చట్టపరమైన విలువ ఉంటుంది, గడువు ముగిస్తే మళ్లీ తీసుకోవాలి. సెక్యూరిటీ కీలో మీ పేరు ఉండదు, గడువు తేదీ ఉండదు, దాంతో మీరు ఏ పత్రం మీదా సంతకం చేయలేరు.

అడగకపోయినా ఒక మాట చెప్పాలి. చాలామంది తమ డిజిటల్ కీని, దాని పాస్‌వర్డుతో సహా, మా వంటి వారి దగ్గరే ఏళ్ల తరబడి వదిలేస్తారు. అది మీ చేతి సంతకంతో సమానం కాబట్టి, పని పూర్తి కాగానే అడిగి తీసుకెళ్లండి.

జవాబు: వనపర్తి నుంచి, వెబ్‌సైట్లు తయారు చేసేవారు

మహబూబ్‌నగర్ వారు చెప్పినదంతా సరైనదే గాని, కీ కొన్నంత మాత్రాన మీ ఖాతా భద్రమైందని నేను అనలేను. రెండు దారులు తెరిచే ఉంటాయి.

మొదటిది మీరే తెరిచి ఉంచేది. గూగుల్‌లో గాని ఫేస్‌బుక్‌లో గాని కీని నమోదు చేసినంత మాత్రాన పాత ఎస్సెమ్మెస్ ఓటీపీ దానంతట అది తొలగిపోదు. లాగిన్ సమయంలో "మరో పద్ధతి ప్రయత్నించండి" అని నొక్కితే మళ్లీ ఓటీపీయే వస్తుంది, దొంగ కూడా సరిగ్గా అదే నొక్కుతాడు. కాబట్టి రెండు కీలూ పని చేస్తున్నాయని తేలిన తరువాత, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డు తరువాత అడిగే రెండో రుజువు) జాబితా నుంచి ఫోను నంబరును తీసేయాలి.

రెండోది లాగిన్ అయిన తరువాతి సంగతి. ఒకసారి లోపలికి వెళ్లాక, ప్రతిసారీ అడగకుండా బ్రౌజరు ఒక గుర్తును దాచుకుంటుంది. మీ కంప్యూటరులో వైరస్ చొరబడి ఆ గుర్తును కాపీ చేస్తే, దొంగకు పాస్‌వర్డూ అక్కరలేదు, కీ కూడా అక్కరలేదు. దొంగల చేతుల్లోకి వెళ్లిన యూట్యూబ్ ఛానళ్లు చాలా ఇలాగే పోయాయి. ప్రకటన ఇస్తామని ఈమెయిల్ వస్తుంది, ఒప్పంద పత్రమని ఒక ఫైలు పంపుతారు, అది తెరవగానే పని అయిపోతుంది. పీఎం కిసాన్ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో, పెళ్లి పత్రిక పేరుతోనో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లు (తెరిస్తే ఫోనులో యాప్‌ను పెట్టేవి) ఫోన్లలో చేసేది కూడా ఇలాంటి పనే, అవి మీ ఎస్సెమ్మెస్‌లను సైతం చదువుతాయి. వీటిని కీ ఆపలేదు.

ఇంకా ముఖ్యంగా, ముగ్గురు ఒకే పాస్‌వర్డు వాడటం మానండి. యూట్యూబ్ స్టూడియోలో ఛానల్ అనుమతులు, ఫేస్‌బుక్‌లో పేజీ యాక్సెస్ అని ఉంటాయి. మీ తమ్ముడికీ అమ్మాయికీ వారి సొంత ఖాతాల నుంచే, ఫొటోలు, వీడియోలు పెట్టడానికి సరిపడే అధికారం మాత్రమే ఇవ్వవచ్చు. యజమాని ఖాతా మీ ఒక్కరి దగ్గరే ఉంటే కీలు కూడా దానికే సరిపోతాయి. వారిద్దరి ఖాతాలకు ఫోనులోనే పాస్‌కీ, అంటే పాస్‌వర్డుకు బదులు ఫోను లాకుతోనే లాగిన్ అయ్యే పద్ధతి, పెట్టండి. అది కూడా వెబ్‌సైటు చిరునామాను సరిచూసే పద్ధతిలోనే పని చేస్తుంది, పైసా ఖర్చు లేదు. నా అభిప్రాయంలో ఇంటిల్లిపాదికీ కీలు కొనడం దండగ.

గద్వాల నుంచి, చీరల వ్యాపారి

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ ధన్యవాదాలు. రెండు కీలు తెప్పించుకుని యజమాని ఖాతాకు పెట్టాలని నిర్ణయించుకున్నాము. ఇంకొక్క సందేహం ఉంది. నేను సరుకు కోసం తరచుగా బస్సులో హైదరాబాదు వెళ్లి వస్తుంటాను. దారిలో కీ పడిపోయి ఎవరికైనా దొరికితే వారు మా ఖాతా తెరవగలరా? దానికి పిన్ పెట్టాలని ఎక్కడో చదివాను, ఆ పిన్ మరచిపోతే ఏమవుతుంది?

జవాబు: మహబూబ్‌నగర్ నుంచి

దొరికిన వారికి ఆ పరికరం మీద మీ పేరు గాని, ఈమెయిల్ గాని కనిపించదు. మీరు దాన్ని రెండో అంచెగా వాడితే వారికి మీ పాస్‌వర్డు కూడా తెలియాలి, పాస్‌కీగా, అంటే పాస్‌వర్డు లేకుండా, వాడితే పిన్ తెలియాలి. పిన్‌ను వరుసగా 8 సార్లు తప్పుగా కొడితే ఆ కీ లాక్ అవుతుంది. తరువాత దాన్ని మళ్లీ వాడాలంటే రీసెట్ చేయాలి, అప్పుడు అందులోని నమోదులన్నీ చెరిగిపోతాయి. మీరే పిన్ మరచిపోయినా ఇదే వర్తిస్తుంది, దాన్ని తిరిగి చెప్పగలిగేవారు తయారీదారులతో సహా ఎవరూ లేరు. రెండు సందర్భాల్లోనూ ఇంట్లో ఉన్న రెండో కీతో లాగిన్ అయి, పాత కీని జాబితా నుంచి తొలగించండి.

కొనేటప్పుడు సీలు విప్పని పెట్టెలో ఉన్నదే తీసుకోండి, ఇతరులు వాడినది చౌకగా వచ్చినా వద్దు. రెండింటినీ ఒకే రోజు కూర్చుని నమోదు చేయండి. ఆ తరువాత బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో విండో (పాత లాగిన్లను గుర్తుపెట్టుకోని విండో) తెరిచి, బీరువాలో పెట్టబోయే కీతో ఒకసారి లాగిన్ అయి చూడండి. అది లోపలికి పంపిందని కళ్లారా చూశాకే ఫోను నంబరును తొలగించండి.