ఇరుసు మీది గీతలన్నీ ఒకటేనా?

మోటారుసైకిల్ రిపేరు పని నేర్చుకునే పిల్లల కోసం తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. వెనక చక్రం ఇరుసు బయటికి లాగి, తుడిచి, దాని మీద ఏమేం కనిపిస్తాయో చూడడం గురించి. మొదటి చిత్తులో అన్నిటికీ "గీత" అనే రాశాను. లేతు (కడ్డీని తిప్పుతూ కోసే యంత్రం) మీద పడ్డదీ గీతే, బేరింగు ఒరిసిందీ గీతే, సుత్తి తగిలిందీ గీతే. అది చదివిన కుర్రాడొకడు "ఇంతకీ గీతలుంటే ఇరుసు మార్చాలా, వద్దా అండీ?" అని అడిగాడు. వాడి ప్రశ్న న్యాయమైనది. ఒకే మాట వాడితే మంచి ఇరుసును పారేస్తారు, పనికిరానిదాన్ని మళ్ళీ ఎక్కిస్తారు. అందుకే ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

ముందు "ఇరుసు" సంగతి. యాక్సిల్ అంటే చాలదా అని ఇద్దరు ముగ్గురు అన్నారు. నాకు ఇరుసే కావాలి. ఎద్దుబండిలో ఇరుసు కదలదు, చక్రమే దాని చుట్టూ తిరుగుతుంది. మోటారుసైకిల్లోనూ అంతే: ఇరుసును నట్టు బిగించి కట్టేస్తాం, బేరింగుల మీద చక్రం తిరుగుతుంది. రైలు పెట్టెకు అలా కాదు, అక్కడ చక్రాలూ ఇరుసూ కలిసి తిరుగుతాయి. కాబట్టి బండి ఇరుసు అన్న పాత మాట మోటారుసైకిల్‌కు అచ్చంగా సరిపోతుంది. తిరగకూడనిది ఇరుసు అని మనసులో ఉంటే, దాని మీది గీతలు చదవడం సగం వచ్చినట్టే.

సుమతీ శతకంలో "ఇరుసున కందెన బెట్టక పరమేశ్వరు బండియైన బారదు" అని చదువుకున్నాం. వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి చేసిన కందెన అది. చక్రం నడిమధ్య ఉండే కర్ర కుండ ఇరుసును నేరుగా ఒరుసుకుంటూ తిరిగేది కనుక కందెన లేకపోతే కదిలేది కాదు. ఇప్పుడు ఆ ఒరపు బేరింగు లోపల గోలీల దగ్గర జరుగుతుంది, అక్కడ గ్రీజు ఉంటుంది. ఇరుసు మీద పల్చగా పూసే గ్రీజు తుప్పు పట్టకుండా, మళ్ళీ తీసేటప్పుడు సులువుగా రావడానికి. పద్యంలోని కందెనా, దీనిమీది గ్రీజూ చేసే పనులు వేరు.

ఇక గీతలు. నేను మూడు మాటలు అనుకుంటున్నాను.

కోతగీత: లేతు మీద కడ్డీ తిరుగుతుంటే ఉలి పక్కకు జరుగుతూ వదిలే సన్నని చుట్లు. నిజానికి అది కూడా స్క్రూ మీద ఉండేలాంటి ఒక మరే, ఒక్కో చుట్టుకు సుమారు 0.1 మి.మీ. జరిగే అతి సన్నని మర. ఇరుసు పొడవునా ఒకే తీరుగా ఉంటుంది, దేనికీ తగలని చోట కూడా ఉంటుంది. పుట్టుకతో వచ్చింది కాబట్టి భయం లేదు.

ఒరపుగీత: ఒరగల్లులో ఉన్న ఒరపే ఇది. బేరింగు కూర్చునే చోట మాత్రమే, చుట్టూ పడుతుంది, గోటికి తగులుతుంది, పక్కన ఎర్రటి పొడి కూడా ఉండవచ్చు. తిరగని ఇరుసు మీద చుట్టూ ఒరపు పడిందంటే బేరింగు లోపలి రింగు దాని మీద తిరిగిందన్నమాట. బేరింగు పట్టేసి ఉండాలి, లేదా నట్టు వదులై ఉండాలి. అసలు చూడాల్సింది ఇదే.

గాటు: సుత్తి తగిలో, రాడ్డుతో పొడిచో పడ్డది. చిన్నదే అయినా పదునుగా ఉంటుంది. పగులు ఇలాంటి చోటే మొదలవుతుంది. పొడవునా పడిన సన్నని గీతలు మామూలుగా ఇరుసును లాగేటప్పుడు, దూర్చేటప్పుడు పడ్డవి. వాటిని గాటు కింద లెక్కపెట్టను.

వ్యాఖ్య: మాస్టారూ, విజయవాడ ఆటోనగర్‌లో లేతు పని చేస్తాను. కోతగీత బావుంది. మేం షాపులో "టూల్ మార్కు" అంటాం, అది కూడా పక్కన రాయండి, లేకపోతే పిల్లలు షాపుకొచ్చి తడుముకుంటారు. ఇరుసు కొనలో నడిమధ్య చిన్న గుంట ఉంటుంది, దాని సంగతి మరిచారు. మేం "సెంటర్ కొట్టడం" అంటాం. లేతు వెనక మొన అందులో కూర్చుంటుంది, 60 డిగ్రీల కోణం. మొన్న ఒక కుర్రాడు అందులో గ్రీజు కూరుతున్నాడు, కందెన బెజ్జం అనుకుని!

జవాబు: మీరు చెప్పకపోతే ఇది పాఠంలోకి వచ్చేది కాదు. "సెంటర్ గుంట" అని రాస్తాను. అది ఎక్కడికీ పోదు, లోపలే ఆగిపోతుంది కాబట్టి బెజ్జం అనకూడదు. తల దగ్గర అడ్డంగా ఇటునుంచి అటు పోయేదే బెజ్జం, రాడ్డు దూర్చి తిప్పుతూ ఇరుసును లాగడానికి.

వ్యాఖ్య: అన్నా, మా కరీంనగర్ దిక్కు దాన్ని పొక్క అంటం. బొక్క అని మాత్రం రాయకు, మాకు బొక్కంటే ఎముక. ఇంకోటి, నట్టు ఊడకుండ దూర్చే స్ప్లిట్ పిన్నుకు తెలుగు ఏంది?

జవాబు: దానికి మన దగ్గర ఎప్పటినుంచో మాట ఉంది తమ్ముడూ, కడసీల. బండి చక్రం జారిపోకుండా ఇరుసు కొనలో దూర్చే సీల. పనీ అదే, చోటూ అదే. ఈ ఒక్క మాట దొరికినందుకు నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. పొక్క అని కూడా పాఠంలో పెడతాను.

వ్యాఖ్య: చైను సరిచేసే దగ్గర రెండు వైపులా ఉండే గీతలో?

జవాబు: అవి ఇరుసు మీద ఉండవు, వెనక చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మీద ఉంటాయి. కావాలని పెట్టినవి. రెండు వైపులా ఒకే లెక్కలో ఉంటే చక్రం తిన్నగా కూర్చుందని గుర్తు. వాటిని గీత అనను, "గుర్తు" అనే అంటాను.

వ్యాఖ్య: మళ్ళీ నేనే, లేతు మనిషిని. మరలు ఆగే చోట సన్నగా తవ్విన గాడి ఉంటుంది కదా. దాన్ని అరుగుదల అనుకుని ఇరుసు పారేసినవాళ్ళున్నారు. మర కోసే ఉలి బయటికి రావడానికి మేమే వదులుతాం. అలాగే లావు సన్నం కలిసే మూలను పదునుగా వదలం, గుండ్రంగా తిప్పుతాం. పదునుగా ఉంటే అక్కడే విరుగుతుంది.

జవాబు: మొదటిది గాడి, అందులో సందేహం లేదు. గుండ్రంగా తిప్పిన మూలను మీ షాపులో ఏమంటారు?

వ్యాఖ్య: రేడియస్ అంటామండి. మా నాన్న మాత్రం "మూల చంపడం" అనేవారు.

జవాబు: మీ నాన్నగారి మాటే రాస్తున్నాను.