పర్లాకిమిడి పిల్లలకు వార్త రాయడం ఏ భాషలో నేర్పాలి?

ప్రశ్న (అతిథి అధ్యాపకుడు, పర్లాకిమిడి)

ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో రెండేళ్లుగా జర్నలిజం ఐచ్ఛికాంశంగా బోధిస్తున్నాను. తరగతిలో 23 మంది ఉన్నారు. వారిలో ఎక్కువ మంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ బడి చదువంతా ఒడియాలో సాగింది. పరీక్ష మాత్రం ఇంగ్లీషులో రాయాలి. తెలుగు పత్రికను గడగడా చదివేవారు నలుగురైదుగురే. మిగిలినవారు కూడబలుక్కొని చదువుతారు.

నా ఇబ్బంది ఏమిటంటే, గత నెల వీరిని వారపు సంతకు తీసుకెళ్లి చూసింది చూసినట్టు రాయమన్నాను. తిరిగి వస్తున్నప్పుడు ఒక అమ్మాయి దారిలో నాతో ఇలా చెప్పింది: "సార్, ఆ సవర ముసలమ్మ తెల్లారకుండా కొండ దిగి అనాస పళ్లు తెచ్చింది. మధ్యాహ్నం దాకా సగం బుట్ట కూడా అవలేదు. ఆఖరికి ఆటో వెళ్లిపోతుందని మిగిలినవన్నీ ఒకే బేరానికి ఇచ్చేసింది." నాకు ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు ఆమె ఇచ్చిన కాగితంలో ముసలమ్మ లేదు, బుట్ట లేదు, ఆటో లేదు. గ్రామీణ ఆర్థిక వ్యవస్థలో వారపు సంతల పాత్ర ఎంత ముఖ్యమో ఇంగ్లీషులో పేజీన్నర ఉంది. మిగిలినవారి కాగితాలూ ఇంచుమించు అలాగే ఉన్నాయి.

వార్తలో ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలను బల్లమీద రాసి చెప్పాను, ముఖ్యమైన విషయం ముందు రావాలనీ చెప్పాను. అవన్నీ వారికి నోటికి వచ్చు. వీరికి వార్తా రచన ఏ భాషలో మొదలుపెట్టించాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు 1 (విశ్రాంత సబ్ ఎడిటర్, బరంపురం)

మాస్టారూ, ఆ అమ్మాయి దారిలో మీకు చెప్పిందే వార్త. దాన్ని మీరు ఆ క్షణంలోనే పట్టుకోవలసింది. నేను డెస్కులో (పత్రికలో వార్తలు దిద్దే విభాగంలో) ఉన్న రోజుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ల కాపీ, అంటే రాసిచ్చిన వార్త, బాగాలేకపోతే దాన్ని పక్కన పెట్టి, "సరే, ఇప్పుడు టీ కొట్టు దగ్గర స్నేహితుడికి చెప్పినట్టు చెప్పు" అనేవాణ్ణి. నోటివెంట మొదట ఏ ముక్క వస్తే అదే ఇంట్రో, అంటే వార్త తొలి వాక్యం. పదిమందిలో ఎనిమిది మందికి ఈ ఉపాయం పనిచేసేది. మీ తరగతిలోనూ మొదటి నెల కాగితమే ముట్టుకోనివ్వకండి. ఒకరు లేచి నిలబడి తాను చూసినదాన్ని రెండు నిమిషాల్లో ఇంటి భాషలో చెప్పాలి, పక్కవాడు దాన్ని విన్నది విన్నట్టు తనకు వచ్చిన లిపిలో రాయాలి. తెలుగు మాటలు ఒడియా లిపిలో పడినా ఫరవాలేదు.

మీరు ఉన్న ఊరికి ఈ విషయంలో ఒక వారసత్వం ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలోనే దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు, సవర గిరిజనులను ఇంటికి పిలిపించుకొని, పక్కన కూర్చోబెట్టుకొని, విని విని వారి భాష నేర్చుకున్నారు, ఆ తరువాత 1919లో 'తెలుగు' పేరుతో పత్రిక పెట్టి, జనం మాట్లాడే భాషనే రాయాలని వాదించారు. ఆయన శిష్యుడు తాపీ ధర్మారావుగారు మా బరంపురంలో 1887లో పుట్టినవారు. 'జనవాణి' పత్రికను వాడుక భాషలో నడిపి చూపించారు. నేడు ఏ తెలుగు దినపత్రిక తెరిచినా కనబడే వాక్యం వెనుక మీ ఊళ్లో చెప్పిన పాఠం ఉంది. ఆ ఊరి పిల్లలే నోటిమాటను వదిలేసి పుస్తకాల ఇంగ్లీషును ఆశ్రయించడం విచిత్రమే కదా.

మరొక్క మాట. నోటు పుస్తకంలోకి ఎదుటివాడి మాట ఎదుటివాడి భాషలోనే దిగాలి. సవర ముసలమ్మ ఒడియాలో అన్నది విద్యార్థిని తలలో తెలుగై, కాగితం మీద ఇంగ్లీషు అయ్యేసరికి ఆమె మాట ఆమెది కాకుండా పోతుంది. అనువాదం ఏదైనా చివరి మెట్టుగానే ఉంచండి.

జవాబు 2 (జిల్లా డెస్కు ఉద్యోగి, శ్రీకాకుళం)

పైన పెద్దాయన చెప్పినదానితో చాలా వరకు ఏకీభవిస్తాను గానీ, మాట్లాడినట్టు రాస్తే చాలనడం సగం పాఠమే. సరిహద్దు అవతలి నుంచి మాకు వచ్చే కాపీల్లో భాష కన్నా వివరాల తప్పులే మమ్మల్ని ఎక్కువగా ముంచుతాయి. ఉదాహరణకు, కాశీనగర్ నుంచి వచ్చిన వార్తను మా డెస్కులో ఎవరో ఒకరు అలవాటు కొద్దీ "కాశీనగర్ మండలం" అని దిద్దేస్తారు. ఒడిశాలో మండలాలు లేవు, బ్లాకులు ఉన్నాయి. మండల వ్యవస్థ 1985లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. అక్కడ బ్లాకుకు బీడీవో, ఇక్కడ మండలానికి ఎంపీడీవో. అక్కడ పోలీస్ స్టేషన్ బాధ్యుడైన ఇన్‌స్పెక్టర్‌ను ఐఐసీ అంటారు. మా పాఠకుడికి సీఐ, ఎస్సై తప్ప ఆ మాట తెలియదు. ఈ తేడాలను మీ పిల్లలు మాకన్నా బాగా ఎరుగుదురు. ఆ తెలిసినదాన్ని కాపీలో నిలబెట్టడం, డెస్కు తప్పు దిద్దితే ఫోన్ చేసి పోట్లాడటం కూడా వారికి నేర్పండి.

పేర్ల సంగతి ఇంకా సున్నితం. సరిహద్దులో ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న కొటియా గ్రూపులోని 21 గ్రామాల వివాదం ఈ పాఠానికి చక్కగా సరిపోతుంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడి మూడు పంచాయతీలకు ఎన్నికలు జరిపినప్పుడు ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఒడిశా గంజెయిపదర్ అనే ఊరిని ఆంధ్ర గంజాయిభద్ర అంటుంది. విలేకరి ఏ పేరు రాస్తే ఆ పక్షం వహించినట్టే, తాను వహించానని అతనికి తెలియకపోవచ్చు కూడా. ఆ వారపు ఒడియా పత్రికనూ తెలుగు పత్రికనూ పక్కపక్కన పరచి, ఏ పత్రిక ఎవరిని మాట్లాడించింది, ఏ ఊరి పేరు ఎలా రాసింది, ఊళ్లో ఉన్నవాడి మాట ఎన్ని వాక్యాలకు దక్కింది అని గీతలు గీసి లెక్కపెట్టించండి. రెండు భాషలూ వచ్చిన మీ విద్యార్థులు చేయగలిగిన ఈ పనిని హైదరాబాదులో జర్నలిజం చదివే పిల్లవాడు చేయలేడు.

అన్నట్టు, "ఘనంగా" అనే మాటను మీ తరగతిలో నిషేధించండి. సంబరమైనా, సంతాప సభైనా ఘనంగానే జరుగుతోంది.

జవాబు 3 (కంట్రిబ్యూటర్, రాయగడ)

నేను ఇలాంటి తరగతి నుంచే వచ్చాను కనుక బయటకు వచ్చాక ఏమవుతుందో చెబుతాను. డిగ్రీ పూర్తయ్యాక ఒక పత్రికకు ఆరేళ్లు కంట్రిబ్యూటర్‌గా, అంటే ఊరి నుంచి వార్తలు పంపే విలేకరిగా, పనిచేశాను. అచ్చయినదాన్ని కొలిచి డబ్బు ఇచ్చేవారు. పండగ వస్తే మాత్రం వార్తల కన్నా ప్రకటనలు ఎన్ని తెచ్చావని అడిగేవారు. ఏ నాయకుడి దగ్గర ప్రకటన తీసుకున్నానో ఆ నాయకుడి మీద వార్త రాయవలసి వచ్చినప్పుడు ఏం చేయాలో ఎవరూ నాకు నేర్పలేదు. ఇది చెప్పకుండా పిల్లలను ఈ వృత్తిలోకి పంపకండి సార్.

రెండోది చట్టం. నేను మొదటి ఏడాదిలో ఒక చిన్న పాప మీద జరిగిన దాడి వార్తలో పేరు రాయకుండా జాగ్రత్తపడ్డానని గర్వపడ్డాను, కానీ వీధి రాశాను, తండ్రి ఏ దుకాణం నడుపుతాడో రాశాను. అంత చిన్న ఊళ్లో ఇంకేం మిగిలింది? పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టంలోని 23వ సెక్షన్ పేరుతో పాటు చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు ఇవేవీ బయటపెట్టరాదని స్పష్టంగా చెబుతుంది. డెస్కులో ఒక అక్క ఆ వాక్యాలు కొట్టేసింది కాబట్టి బతికిపోయాను. ఈ సెక్షన్‌ను చదివి వదిలేయకుండా, మీ ఊరి పటం ముందు పెట్టి, ఏ వివరం రాస్తే ఆ ఇల్లు తెలిసిపోతుందో పిల్లల చేతనే చెప్పించండి.

మూడోది సమాచార హక్కు. దరఖాస్తుకు జవాబు ఇవ్వడానికి అధికారికి 30 రోజుల గడువుంటుంది కనుక, సెమిస్టర్ మొదటి వారంలోనే ప్రతి ఇద్దరి చేతా ఒక దరఖాస్తు పెట్టించండి. ఒడిశా నిబంధనల ప్రకారం 'ఫారం-ఎ' అనే దరఖాస్తు పత్రం నింపాలి. ఆంధ్ర వైపు చూసి తెల్లకాగితం మీద రాసి పంపితే తిప్పి పంపే ప్రమాదం ఉంది. జవాబు వస్తే అది వార్త. రాకపోతే అప్పీలుకు వెళ్లడం మరో పాఠం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన చెప్పినట్టు నిన్న కాగితాలు తీయించకుండా తరగతి నడిపాను. అనాస పళ్ల అమ్మాయి మళ్లీ చెప్పింది, పక్కన కూర్చున్న కుర్రాడు ఒడియా లిపిలో తెలుగు రాశాడు. నలుగురం కలిసి దాన్ని తెలుగు లిపిలోకి మార్చాం. మొదటి వాక్యం ఇలా తేలింది: "ఆటో వెళ్లిపోతుందన్న భయంతో ఓ సవర వృద్ధురాలు శనివారం సంతలో బుట్టలో మిగిలిన అనాస పళ్లన్నిటినీ ఒకే బేరానికి అమ్మేసింది."

వెంటనే వెనుక బెంచీ నుంచి ఒకరు, "ఆ బేరం ఎంత?" అన్నారు. అమ్మాయికి తెలియదు. ముసలమ్మ పేరు, ఊరు కూడా అడగలేదట. వచ్చే శనివారం ఆమె కోసం మళ్లీ సంతకు వెళ్తున్నాం; 'ఫారం-ఎ' నకళ్లు సోమవారం తీయిస్తాను. రాయగడ తమ్ముడు చెప్పిన ప్రకటనల సంగతిపై ఒక తరగతి మొత్తం కేటాయించాలనుకుంటున్నాను. ఆయనకు వీలైతే ఆ రోజు ఫోన్‌లో పిల్లలతో మాట్లాడాలని కోరుతున్నాను.