అప్‌డేట్: అమ్మాయిల రగ్బీ పత్రిక ఎంతవరకు వచ్చిందంటే

అమ్మాయిల్ని రగ్బీ వైపు రప్పించే పత్రిక తెద్దామనుకుంటున్నా, మొదటి సంచికలో ఏం వేయాలి అని అడిగాను కదా. "నియమాలు తగ్గించు, ఆట చూపించు" అన్నవాళ్ల మాటే విన్నాను. మంచిదైంది.

నాలుగు పేజీల నియమాలు రాసి ఒక పన్నెండేళ్ల పాపకు ఇస్తే, రెండో పేరాకే ఆవలించింది. బంతి చేతికిచ్చి, "నువ్వు ముందుకు పరిగెత్తొచ్చు, చేత్తో పాస్ మాత్రం ముందుకు ఇవ్వకూడదు" అన్నాను. "ఇదేం తిక్క ఆట!" అని నవ్వింది. అరగంటైనా బంతి వదల్లేదు. ఆ మాటే ఇప్పుడు మొదటి పేజీ శీర్షిక.

నడిమి పేజీలు రగ్బీలోని పొట్టి ఆట సెవెన్స్‌కి: జట్టుకు ఏడుగురు, ఏడేసి నిమిషాల రెండు భాగాలు. 2016 రియో ఒలింపిక్స్‌లో మహిళల స్వర్ణం ఆస్ట్రేలియాది, తర్వాత రెండుసార్లూ న్యూజిలాండ్‌దే. ఇక పదిహేను మంది జట్లతో ఆడే రగ్బీలో మహిళల ప్రపంచ కప్ 1991లోనే మొదలైందంటే మా బృందంలోనే సగం మంది నమ్మలేదు.

తల్లిదండ్రుల టెన్షన్ అంతా దెబ్బల గురించే. దాన్ని దాటేయకుండా ఒక పేజీ ఇచ్చాం: ట్యాకిల్ (బంతి ఉన్నవాళ్లను పట్టుకుని కింద పడేయడం) లేని టచ్ రగ్బీతో మొదలుపెట్టడం, పళ్లకు పెట్టుకునే మౌత్‌గార్డ్, ట్యాకిల్‌లో తల ఎక్కడ ఉండాలో బొమ్మలతో.

ముఖచిత్రం ఇంకా తేలలేదు. కప్పు పట్టుకుని నవ్వే ఫొటో మాత్రం వద్దు, మోకాళ్ల నిండా మట్టి కనిపించాలి.