నటించి చూపిన మోసం, మళ్లీ పాడించిన పాట: డాక్యుమెంటరీలో ఇవి చెల్లుతాయా? (నలుగురు మారుపేర్లతో చేసిన చర్చ)

ఓరుగల్లు రికార్డులు:
టీవీలో సైబర్ నేరాల డాక్యుమెంటరీ వచ్చినా, పాటల చరిత్ర వచ్చినా చిక్కు ఒక్కటే. చూపడానికి బొమ్మ దొరకదు. ఫోన్‌లో జరిగిన మోసాన్ని ఎవరూ కెమెరా పెట్టి తీయలేదు. గ్రామఫోన్ రోజుల గాయని పాడుతుంటే ఫిల్ము తిరగలేదు. దాంతో మోసాన్ని నటులతో ఆడిస్తున్నారు, పాటను కొత్త గొంతుతో పాడిస్తున్నారు. రెండూ చెల్లవని నా వాదన. గరగరలాడినా అసలుదే వేయాలి. అది లేకపోతే తెర చీకటిగా ఉంచి మాట వినిపించాలి.

పాట సంగతే చూడండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల పాత లక్క రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకాస్త. గాయకులు రాగాన్ని ఆ కొలతలోకి కుదించి పాడారు. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాడిన రికార్డుల చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పడం వినిపిస్తుంది. గొప్ప కోసం కాదు. జర్మనీలో హనోవర్ ఫ్యాక్టరీలో రికార్డు అచ్చువేసేవాళ్లకు అది ఎవరి పాటో తెలియాలని. మళ్లీ పాడిస్తే మొదట ఎగిరిపోయేది ఆ పేరే.

ఎడిటింగ్ బల్ల:
మీరు అసలుది అంటున్నది అసలులాగే వినిపిస్తోందా? తొలినాళ్ల రికార్డులన్నీ సరిగ్గా 78 చుట్ల వేగంతో ముద్రించినవి కావు. 72లో ముద్రించినదాన్ని 78లో తిప్పితే శ్రుతి ఒక స్వరస్థానం దాటి పైకి పోతుంది, గొంతు పలచబడుతుంది. సూది సంగతి ఇంకా ఘోరం. లక్క రికార్డు గాడి వెడల్పుగా ఉంటుంది, దానికి మొన 75 మైక్రాన్ల దాకా కావాలి. తర్వాత వచ్చిన ఎల్పీ రికార్డుల సూది మొన అందులో మూడో వంతు ఉంటే ఎక్కువ. అది గాడి అడుగుకు జారి, పాటకు బదులు దుమ్మును చదువుతుంది. ఆ చప్పుడు విని "పాత రికార్డులు ఇంతే" అనుకుంటారు ప్రేక్షకులు.

1980, 90లలో మన దగ్గర జానపదాలూ ఉద్యమ పాటలూ క్యాసెట్ల మీద తిరిగాయి, నకలుకు నకలు తీసి మరీ. ప్లేయర్‌లో టేపును చదివే హెడ్ పక్కన, దాని వాలును సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ, తాళాల చప్పుడు ఎక్కడ తేటగా వస్తే అక్కడ ఆపాలి. రెండు చానళ్లూ కలిపి మోనోలో వింటే తేడా ఇంకా బాగా పట్టుబడుతుంది. ఈ పని వదిలేసి కంప్యూటర్లో నాయిస్ రిడక్షన్ వేస్తే, బుసతో పాటు తాళాలు కూడా పోతాయి. ఇంత శ్రద్ధ పెట్టలేని చానెల్, మంచి గాయకుడితో పాడించి ఆ సంగతి చెప్పేయడమే నయం.

తొలి గంట:
సైబర్ వైపు అసలుదే వేయాలంటే నేను గట్టిగా అడ్డుపడతాను. బాధితురాలి గొంతును సాఫ్ట్‌వేర్‌లో మందం చేసి వదిలితే ముసుగు వేసినట్టు కాదు. ఎన్ని మెట్లు దించారో అన్ని మెట్లు పైకి లేపితే గొంతు బయటపడుతుంది. ఆమె మాటలను పొల్లుపోకుండా రాసి వేరొకరితో చెప్పించాలి. ఖాతా నంబరుకు మసక వేయడమూ అంతే. 0 నుంచి 9 దాకా ఉన్నవి పదే అంకెలు కాబట్టి ఒక్కోదానికీ అదే మసక వేసి పోల్చి చూస్తే నంబరు తెలిసిపోవచ్చు. నిండు నల్ల పట్టీయే వేయాలి.

దగ్గరి ఉదాహరణ చెప్తాను. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో బయటపడ్డ కేసు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలను వెబ్‌సైట్ నుంచి దించుకుని, రబ్బరు ముద్రలు చేసి, వాటితో ఆధార్ వేలిముద్ర తనిఖీ దాటించి వేల సిమ్ములు యాక్టివేట్ చేశారు. దీన్ని తీసేటప్పుడు ముద్ర ఎలా తయారైందో చూపనక్కర్లేదు. దస్తావేజు నకలు ఎవరికైనా అందేలా ఉండడం చూపాలి. తర్వాత మన వేలిముద్ర ఎవరూ వాడకుండా ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవడం చూపాలి, దాని ఇబ్బందితో సహా. లాక్ ఉంటే రేషన్ దుకాణంలో ఎంత గట్టిగా వేలు నొక్కినా మిషన్ తీసుకోదు. ఆ ముక్క చెప్పకపోతే జనం మరుసటి నెలే లాక్ తీసేస్తారు. తాత్కాలికంగా తెరిస్తే పది నిమిషాలే తెరిచి ఉంటుంది, ఆపైన తనే మూసుకుంటుంది. కాబట్టి వరుసలో మన వంతు దగ్గరికొచ్చాకే తెరవాలి.

కాజీపేట జంక్షన్:
అన్నా, మీరు గొంతు గురించి, బొమ్మ గురించి కొట్లాడుతున్నరు. నాకైతే అసలు తప్పు టైము కాడ కనవడుతున్నది. డిజిటల్ అరెస్టు సీను ఎట్ల తీస్తున్నరు? నకిలీ పోలీసు వీడియో కాల్ చేస్తడు, బెదిరిస్తడు, మనిషి పైసలు పంపుతడు. రెండు నిమిషాల్ల ఖతం. చూసేటోళ్లు "నేనైతే పడను" అనుకుంటరు. జరిగేదేమో గంటల తరబడి, ఒక్కోపాలి రోజుల తరబడి. కాల్ కట్ చేయనియ్యరు, ఇంట్లోళ్లకు చెప్పనియ్యరు, పండుకునేటప్పుడు గూడ కెమెరా బంద్ చేయద్దంటరు. మనిషిని పడగొట్టేది ఆ అలసటనే. చట్టంల డిజిటల్ అరెస్టు అనేదే లేదన్న సంగతి, తెలిసినోళ్లకు గూడ ఆ అలసటల యాదికి రాదు.

పాటల గూడ గిదే. ఒగ్గుకథ రాత్రంత నడుస్తది. చుక్క సత్తయ్య అసొంటి పెద్ద కళాకారుని గురించి తీసినా, డోలు జోరందుకున్న కాడికెల్లి రెండు నిమిషాల ముక్క కోసి ఏస్తరు. కథ వచనంల చెప్పుడు, పక్కనున్నాయన వంత అందుకునుడు, నడుమ నవ్వించుడు, అన్ని పోతయి. పాత టేపు ఏసినా, కొత్తోళ్లతోని పాడిపిచ్చినా కోత కోతనే. అసలుదా నకలుదా అని అడిగేముందు, ఎంతసేపు ఉంచిండ్రు అని అడగాలె. మోసం సీనుల ఫోను కదలకుండ పెట్టి, కిటికీల వెలుగు మారుతుంటే నాలుగు నిమిషాలు కోత లేకుండ ఒక్క షాటు ఉంచుండ్రి. చూసేటోళ్లకు ఊపిరాడది.

ఎడిటింగ్ బల్ల:
నాలుగు నిమిషాల షాటంటే ప్రకటనలు పోగా మిగిలే అరగంట ఎపిసోడులో చాలా పెద్ద భాగం. అయినా మీ మాట సరైనదే, దాని కోసం మిగతా ఇంటర్వ్యూలు కోసినా నష్టం లేదు.

ఒక సంగతి దాచకుండా మాట్లాడుకుందాం. చాలాసార్లు పాట మళ్లీ పాడించేది కళ కోసం కాదు, హక్కుల కోసం. రికార్డింగు మీద ఒక హక్కు, సాహిత్యం, బాణీల మీద వేరే హక్కులు. కొత్తగా పాడిస్తే మొదటిదే తప్పుతుంది. మన చట్టంలో రికార్డింగు హక్కు, అది వెలువడిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1960కి ముందు వెలువడిన రికార్డులకు ఆ గడువు తీరిపోయింది. సాహిత్యానికి రచయిత పోయాక 60 ఏళ్లు కాబట్టి దాన్ని విడిగా చూసుకోవాలి. అంటే పాత లక్క రికార్డుల విషయంలో రికార్డింగు హక్కు అడ్డమొచ్చిందన్న సాకు నిలవదు. ఇక్కడ మాత్రం ఓరుగల్లు గారి పక్షమే నేను.

ఓరుగల్లు రికార్డులు:
బాధితుల గొంతు గురించి తొలి గంట గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. అక్కడ నా చీకటి తెర వాదన కూడా వదులుకుంటాను. కానీ "నటించి చూపినది" అన్న పట్టీ సీను మొదట్లో రెండు సెకన్లు మెరిసి మాయమైతే సరిపోదు, సీను అయ్యేదాకా ఉండాలి. ఫోన్‌లో చూసేవాళ్లకు కూడా ఆనాలి. ఫ్రేము ఎత్తు 1080 గీతలైతే అక్షరం 50 గీతలకు తగ్గకూడదు. పోయిన గాయకుల గొంతును కంప్యూటర్‌తో పుట్టించి పాడించడాన్ని మాత్రం ఏ పట్టీ వేసినా ఒప్పుకోను. అది ఆ మనిషి పాడని పాట.

తొలి గంట:
పట్టీతో పాటు, సైబర్ మోసాల ఫిర్యాదుకు కాల్ చేసే 1930 నంబరు కూడా. దాన్ని పేర్లు పడేటప్పుడు వేస్తున్నారు, అప్పటికి సగం మంది చానెల్ మార్చేస్తారు. డబ్బు ఖాతా దాటిన క్షణంలోనే తెర మీదికి రావాలి. ఎందుకంటే ఆ డబ్బు మోసగాళ్లు వేరేవాళ్ల పేరుతో వాడుకునే ఒక అద్దె ఖాతా నుంచి ఇంకోదానికి దూకేలోపే బ్యాంకుతో ఆపించగలగాలి. కాల్ చేస్తే అడిగేవి కూడా సీనులోనే కనిపించాలి: ఏ బ్యాంకు, ఎంత, ఎన్ని గంటలకు, యూపీఐ అయితే ఆ లావాదేవీని గుర్తించే 12 అంకెల యూటీఆర్ నంబరు. నటి భయంతో ఏడవడం తగ్గించి, యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి, వేలు కిందికి జరుపుతూ ఆ నంబరు వెతికి కాగితం మీద రాసుకోవడం చూపించండి. ఆ స్క్రీన్ మాత్రం చదవగలిగేంత సేపు ఉంచాలి.