రెండర్ మధ్యలో డెస్క్‌టాప్ ఒక్కసారిగా ఆగిపోతోంది: వేడి వల్లనేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. విజయవాడలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తుంటాను. నా సిస్టమ్‌లో రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్, 750 వాట్ల పవర్ సప్లై ఉన్నాయి. చలికాలమంతా ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన ఈ సిస్టమ్, ఎండలు ముదిరిన దగ్గర నుంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో రెండర్ (ఎడిట్ చేసినదాన్ని తుది వీడియో ఫైల్‌గా మార్చడం) పెట్టిన కాసేపటికి ఉన్నట్టుండి ఆగిపోతోంది. బ్లూ స్క్రీన్ రావడం లేదు, ఎర్రర్ కూడా ఏదీ కనిపించడం లేదు. ఇది దాదాపు ఎప్పుడూ మధ్యాహ్నం పూటే జరుగుతోంది. అదే ప్రాజెక్టును రాత్రి పెడితే చివరిదాకా పూర్తవుతోంది. గదిలో ఏసీ లేదు, మధ్యాహ్నానికి క్యాబినెట్ మీద చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటోంది. ప్రాసెసర్ 88 డిగ్రీల దాకా చూపిస్తోంది. షాపులో లిక్విడ్ కూలర్ వేయించుకోమంటున్నారు. అంత ఖర్చు పెట్టేముందు అనుభవమున్నవారి సలహా కోరుతున్నాను. పెళ్లివారికి ఇచ్చిన తేదీలు దగ్గరపడుతున్నాయి.

జవాబు 1

5800ఎక్స్‌కు 88 డిగ్రీలు ఎక్కువే అయినా, అది జబ్బు కాదండీ. ఆ ప్రాసెసర్‌కు తయారీ సంస్థ ఏఎండీ నిర్ణయించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీలు. ఎనిమిది కోర్లూ ఒకే చిన్న చిప్లెట్‌లో (ప్రాసెసర్ లోపలి సిలికాన్ ముక్కలో) ఇరుక్కుని ఉండగా, 142 వాట్ల దాకా కరెంటు తీసుకునే స్వేచ్ఛ దానికి ఉంది కాబట్టి, మంచి కూలర్ ఉన్నా ఇది వేడిగానే నడుస్తుంది. హద్దు దగ్గరకు రాగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది తప్ప వెంటనే ఆగిపోదు. వేడి మరీ అదుపు తప్పినప్పుడే రక్షణ కోసం సిస్టమ్ మొత్తం ఆగుతుంది.

అయితే గది వేడిని తేలిగ్గా తీసుకోకూడదు. గదిలో పది డిగ్రీలు పెరిగితే లోపల కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. ముందు జాలీకి పట్టిన దుమ్మును దులిపి, పక్క ప్యానెల్ తీసేసి ఒకసారి రెండర్ పెట్టి చూడండి. ప్యానెల్ తీసిన తర్వాత ఉష్ణోగ్రత బాగా తగ్గితే లోపం గాలి రాకపోకల్లో ఉన్నట్టు. ఏమాత్రం తగ్గకపోతే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ నుంచి కూలర్‌కు వేడిని దాటించేందుకు మధ్యలో పూసేది), కూలర్ బిగింపు చూడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో లాగింగ్ (రీడింగులను ఫైల్‌లో రాసుకుంటూ పోవడం) ఆన్ చేసి ఉంచండి. సిస్టమ్ ఆగిపోయినా ఫైల్ మిగులుతుంది, అందులోని చివరి వరుసే మీకు సాక్ష్యం.

జవాబు 2

పై సలహాతో ఏకీభవిస్తూనే, వేడి దగ్గరే ఆగిపోవద్దని మనవి. వేడెక్కిన సిస్టమ్ సాధారణంగా ముందు నెమ్మదిస్తుంది, రెండర్ సమయం పెరుగుతుంది. ర్యామ్ గానీ ఓవర్‌క్లాక్ (నిర్ణీత వేగానికి మించి నడపడం) గానీ కారణమైతే చాలాసార్లు బ్లూ స్క్రీన్ వస్తుంది, లేదా ప్రోగ్రామ్ ఒక్కటే మూసుకుపోతుంది. ఏ సూచనా లేకుండా దీపం ఆర్పినట్టు ఆగిపోయిందంటే మాత్రం నేను మొదట కరెంటు దారినే అనుమానిస్తాను.

విండోస్ తన సంఘటనలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో ఆ సమయానికి కెర్నల్-పవర్ 41 అనే నమోదు ఉందేమో చూడండి. ఆ 41 కారణం చెప్పదు, విండోస్ సక్రమంగా మూతపడలేదని మాత్రమే చెబుతుంది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ ఎర్రర్ సంఖ్య) సున్నా ఉంటే, బ్లూ స్క్రీన్ నమోదు కాకుండానే సిస్టమ్ ఆగిందని అర్థం. మరో రెండు విషయాలు చెప్పండి. సిస్టమ్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టారా, యూపీఎస్‌కు పెట్టారా? ఆగిపోయే క్షణంలో మానిటర్ అంచున ఉండే చిన్న లైటు వెలుగుతూనే ఉంటుందా, అదీ ఆరిపోతుందా?

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. దుమ్ము దులిపి, ప్యానెల్ తీసి, లాగ్ పెట్టి మధ్యాహ్నం రెండర్ నడిపాను. మళ్లీ ఆగింది. లాగ్ చివరి వరుసలో ప్రాసెసర్ 81, గ్రాఫిక్స్ కార్డు 72 డిగ్రీలు ఉన్నాయి. 41 ఉంది, కోడ్ సున్నా. సిస్టమ్, మానిటర్ రెండూ యూపీఎస్ మీదే ఉన్నాయి. ఈసారి గమనించి చూశాను: మానిటర్ లైటు కూడా ఆరిపోయింది, దానికి క్షణం ముందు యూపీఎస్ లోపల టక్‌మన్న శబ్దం వచ్చి, ఆ వెంటనే బీప్ వినిపించింది. యూపీఎస్ వెనక స్టిక్కర్ మీద 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు), 360 వాట్లు అని రాసి ఉంది.

జవాబు 2 ఇచ్చినవారు

ఇక కూలర్ కొనకండి. మీ ప్రాసెసర్ పరిమితి 142 వాట్లు, గ్రాఫిక్స్ కార్డుది 220. రెండూ పూర్తిగా పనిచేసేటప్పుడు ఆ రెంటికే 362 వాట్లు అవుతుంది. మదర్‌బోర్డు, ఫ్యాన్లు, మానిటర్, పవర్ సప్లైలో వేడిగా పోయే నష్టం ఇంకా కలపాలి. మీ యూపీఎస్ బ్యాటరీ మీద ఇవ్వగలిగేది 360 మాత్రమే.

మరి రాత్రిపూట ఎందుకు నడుస్తోందంటే, లైన్ బాగున్నంతసేపూ ఇలాంటి యూపీఎస్‌లు గోడ కరెంటునే ముందుకు పంపుతాయి. వేసవి మధ్యాహ్నాల్లో వీధిలోని ఏసీలన్నీ నడుస్తూ వోల్టేజీ పడిపోయినప్పుడు అది బ్యాటరీకి మారుతుంది. మీరు విన్న టక్ శబ్దం అలా మార్చే స్విచ్ (రిలే) చేసిందే అయి ఉంటుంది. ఆ క్షణంలో మోయలేనంత లోడు మీద పడేసరికి యూపీఎస్ కరెంటు కోసేస్తుంది. ఎండ, లో-వోల్టేజీ రెండూ ఒకే వేళకు రావడం వల్ల నేరం వేడి మీద పడింది. నిర్ధారణకు, అదే మధ్యాహ్నం వేళ, ఎర్తింగ్ సరిగా ఉన్న గోడ సాకెట్‌కు నేరుగా పెట్టి ఓసీసీటీ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్‌లో పవర్ టెస్ట్ (ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెంటినీ ఒకేసారి పూర్తి లోడుతో నడిపేది) నడపండి. ప్రాజెక్టుతో ప్రయోగం వద్దు, ముందుగా దాని కాపీని వేరే డ్రైవ్‌లో పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే చేశాను. గోడ సాకెట్ మీద టెస్ట్ ఆగకుండా నడిచింది. తర్వాత అదే ప్రాజెక్టు మధ్యాహ్నమే రెండర్ అయింది. అప్పుడు ప్రాసెసర్ 86 డిగ్రీలకు చేరినా సిస్టమ్ ఆగలేదు. ఇప్పుడు ఎలాంటి యూపీఎస్ తీసుకోవాలి? అది వచ్చేదాకా పని ఎలా నడుపుకోవాలి?

జవాబు 3

యూపీఎస్ కొనేటప్పుడు వీఏ అంకెను కాకుండా వాట్ల అంకెను చూడండి. ప్రకటనల్లో వీఏనే పెద్దగా వేస్తారు, మీకు పనికొచ్చేది వాట్లే. మీ సిస్టమ్‌కు 600 వాట్లకు తగ్గనిది తీసుకోవడం మంచిది. వీలైతే ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటులాంటి నునుపైన తరంగం) ఉన్నదే తీసుకోండి. యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే సర్క్యూట్) ఉన్న పవర్ సప్లైలు కొన్ని, చవక యూపీఎస్ ఇచ్చే మెట్ల తరంగం మీదికి మారే క్షణంలో ఆగిపోతుంటాయి.

అప్పటిదాకా బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ప్రాసెసర్‌ను తక్కువ కరెంటుతో నడిపే 65 వాట్ల ఈకో మోడ్‌లో పెట్టండి, 65 ఆ మోడ్ పేరులోని అంకె మాత్రమే, అసలు పరిమితి 142 నుంచి 88 వాట్లకు తగ్గుతుంది. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి దించితే సుమారు 154 వాట్లవుతుంది. మానిటర్‌ను యూపీఎస్ నుంచి తీసి గోడకు పెట్టండి. రెండర్ కొంత నెమ్మదిస్తుంది గానీ లోడు ఆ 360 లోపలే ఉంటుంది, గది వేడి కూడా తగ్గుతుంది. కొత్త యూపీఎస్ వచ్చాక పరిమితులు తీసేసి, రెండర్ నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్‌ను ఒక్కసారి గోడ నుంచి తీసి చూడండి, మారే క్షణంలో సిస్టమ్ నిలబడుతుందో లేదో అప్పుడే తేలుతుంది. ఆ పరీక్ష కూడా పెళ్లి ప్రాజెక్టుతో కాకుండా ఏదైనా పాత క్లిప్‌తోనే చేయండి.